పటేల్ గారి ముత్తాత జారిపోయిన సొరంగం

నాకు రాని పని ఈ భూమ్మీద లేదని నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది డిగ్రీ చివరి పరీక్ష రాసిన రోజు మొదలై, ఏడు నెలల తర్వాత మహబూబాబాద్ రైల్వే స్టేషన్‌లో ముగిసింది. ఆ రోజుల్లో నేను పొద్దున్నే స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి జనగామలో దిగి, ఒక ఎరువుల దుకాణం మీదున్న రెండు గదుల ఆఫీసులో వీడియో గేములు తయారు చేసేదాన్ని. (మా అమ్మ మాత్రం అడిగినవాళ్లకు 'కంప్యూటర్ల పని' అని చెప్పేది. 'ఆటలు చేస్తది' అంటే జాతరలో బూరలు అమ్ముతాననుకుంటారని ఆమె భయం.) ఆఫీసు మొత్తానికి ఇద్దరమే. ఒకరు నేను, రెండోవారు మా యజమాని. ఏది అడిగినా 'ముందుగాల డెమో చూపెడ్దాం' అనేవాడు కాబట్టి ఆయనకు నేను డెమో అన్న అని పేరు పెట్టుకున్నాను. కింది నుంచి వచ్చే యూరియా వాసనకు మొదట్లో తల నొప్పిపెట్టేది. తర్వాత తర్వాత ఆ వాసన లేకపోతే పని తోచేది కాదు.

ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది. ఇంటర్వ్యూలో డెమో అన్న ఒకటే ప్రశ్న అడిగాడు. "చెల్లె, నేల కింద కట్టుడు వస్తదా నీకు?" రాదు అని చెప్పి ఇంటికి పోవచ్చు. నేను కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, "మా పెద్దబాపు భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేసిండన్నా. ముప్ఫై ఏండ్లు. అండర్‌గ్రౌండ్ అంటే మా ఇంటి పని లెక్క" అన్నాను. పెద్దబాపు, అంటే మా నాన్న వాళ్లన్న, ముప్ఫై ఏళ్లు చేసిన మాట నిజమే. ఆ పనిలో ఒక్క ముక్కయినా నాకు తెలుసన్నదే అబద్ధం. డెమో అన్న ముఖం వెలిగిపోయింది. మర్నాడే రమ్మన్నాడు.

ఆయన తొందరకు కారణం గార్ల వైపు నుంచి వచ్చిన ఒక పటేల్. మా ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఒక గుట్ట ఉంటుంది, ఆ గుట్ట కింద నుంచి ఓరుగల్లు కోట దాకా ఒక సొరంగం ఉంటుంది. గుట్ట కనిపిస్తుంది, సొరంగం కనిపించదు, అంతే తేడా. (ఆ సొరంగాలన్నీ నిజమైతే ఓరుగల్లు కోట ఈపాటికి జల్లెడ మీద నిలబడి ఉండాలి.) ఈ పటేల్ గారి గడి, అంటే కోటలాంటి పాత ఇల్లు, దాని కింద కూడా అలాంటి సొరంగమే ఉందట. వాళ్ల ముత్తాత గుర్రమెక్కి అందులో దూరి ఓరుగల్లులో తేలాడట. ఆ ముచ్చటను గేముగా చేసి, తన బంధుబలగమంతా ఆడుకునేలా ఇవ్వాలని ఆయన కోరిక. గడి, గుట్ట, చెరువు, గుర్రం, మీసాల ముత్తాత, ఇవన్నీ డెమో అన్న చేశాడు. సొరంగం నాకు వదిలేశాడు, మా ఇంటి పని కదా అని.

గేములో నేల ఎలా ఉంటుందో నాకు ఆ వారమే తెలిసింది. అది మంచం మీద పరిచిన దుప్పటి. కింద దిండు పెడితే గుట్ట, వేలితో నొక్కితే చెరువు. ఆ దుప్పటి కింద మంచం కూడా ఉండదు, ఉత్త శూన్యం. ఇది తెలియక నేను నేలను నొక్కుకుంటూ పోయాను. గుంత పడింది. ఇంకా నొక్కాను. లోతైన గుంత పడింది. డెమో అన్న వచ్చి తొంగి చూసి, "చెల్లె, గిది సొరంగం కాదు, మోటబాయి" అన్నాడు. సరే, పొడుగ్గా నొక్కుదామని గడి దగ్గర మొదలుపెట్టి రెండు వారాలు నొక్కాను. పైన ఆకాశం కనిపిస్తూనే ఉంది. ఈసారి ఆయన తెరను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "కాలువ మంచిగొచ్చింది. నీళ్లు ఇడుద్దామా?" అన్నాడు.

దుప్పటిని ఎంత నొక్కినా దానికి గుహ రాదని, కత్తెరతో చిల్లు పెట్టి, దాని కింద వేరే గదులు కట్టి, తూములు కలిపినట్టు వరసగా కలపాలని ఆ తర్వాత నేర్చుకున్నాను. చిల్లు పెట్టాను. గదులు కలిపాను. ముత్తాతను గుర్రం మీద లోపలికి పంపాను. గదులకు నేల కనిపిస్తే చాలదు, అది గట్టిదని కంప్యూటర్‌కు విడిగా చెప్పాలన్న సంగతి నాకు తెలియదు. ముత్తాత గచ్చులోంచి, పొగలోంచి పోయినట్టు పోయి, కింది శూన్యంలో పడసాగాడు. గుర్రం గాలిలో పరిగెత్తుతూనే ఉంది. ముత్తాత మీసాలు మాత్రం గాలికి పైకి లేచాయి. అప్పటికే మధ్యాహ్నమైంది కాబట్టి మేమిద్దరం టిఫిన్ డబ్బాలు విప్పి తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన ఇంకా పడుతూనే ఉన్నాడు. డెమో అన్న తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, "పటేల్ ముంగట గిట్లయితే మనం దుకాణం బంద్ చేసుకునుడే చెల్లె" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క గేమే అని నాకు తెలుసు.

సరిగ్గా ఆ వారంలోనే పెద్దబాపు మోకాలి నొప్పికి జనగామ డాక్టర్‌కు చూపించుకోవాలని భూపాలపల్లి నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. రోజూ నాతోపాటే రైల్లో వచ్చి, మోకాలికి కరెంటు పెట్టించుకుని, తిరుగు రైలు దాకా పొద్దుపోక మా ఆఫీసుకొచ్చి కూర్చునేవాడు. మొదటి రోజే నా సొరంగం చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"దీనికి దుంగలేవి బిడ్డా?"

"ఏం దుంగలు పెద్దబాపు?"

"పైకప్పుకు ఆసరా ఏది? గిట్ల ఉత్తగ ఇడిస్తే మీద పడదా?" అంటూ చేతికర్ర ఎత్తి, కొసతో కంప్యూటర్ తెర మీద రెండు చోట్ల కొట్టి, చెవి దగ్గరికి ఆనించి విన్నాడు. (బొగ్గుబాయిలో పైకప్పును అలాగే కర్రతో కొట్టి చూస్తారట. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే కూలబోతున్నట్టు.) "డొల్ల మోగుతున్నది" అని తేల్చాడు.

డెమో అన్న పరుగున వచ్చాడు. "పెద్దనాయనా, అది స్క్రీను."

"స్క్రీనైతే ఏంది, డొల్ల డొల్లనే."

డెమో అన్న ఆయన్ను మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ చేతికిచ్చి, "అండర్‌గ్రౌండ్ పని మీ బిడ్డకు మీరే నేర్పిన్రట గదా" అన్నాడు. నేను కీబోర్డు మీద ఏదో దుమ్ము దులపడం మొదలుపెట్టాను. పెద్దబాపు నవ్వాడు. "గీమెకా? చిన్నప్పుడు బాయి చూపెడ్తనని తీస్కపోతే గేటు కాడనే నా కాళ్లు గట్టిగ పట్టుకొని ఏడ్సింది. బాయి మొకమే చూడలే." డెమో అన్న నా వైపు చూసి, కోప్పడకుండా, "డెమో అయినంక మాట్లాడుదం చెల్లె" అన్నాడు. ఆ మెత్తదనానికే నాకు చెమటలు పట్టాయి.

ఆ రోజు నుంచి సొరంగం పని పెద్దబాపు చేతిలోకి పోయింది. పది అడుగులకొక దుంగ పెట్టించాడు. గోడలకు సున్నం వేయించాడు. ఒకరోజు నిలదీశాడు. "లోపలికి గాలెట్ల వస్తది?"

"ముత్తాత గాలి పీల్వడు పెద్దబాపు. బొమ్మ గదా."

"పీల్వకుంటె మీసాలెట్ల కదుల్తున్నయి?"

గాలికి ఒక బొక్క పెట్టాను. అసలు గొడవ తలపాగా దగ్గర వచ్చింది. తలకు టోపీ, టోపీకి లైటు లేనిదే మనిషి లోపలికి పోవడానికి వీల్లేదన్నాడు పెద్దబాపు. పటేల్ ముత్తాతకు టోపీ పెడితే తంతారన్నాడు డెమో అన్న. రెండు రోజులు మాటలు నడిచి, చివరికి తలపాగా అలాగే ఉంచి దాని ముందర చిన్న లైటు పెట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్రానికి కూడా ఒకటి పెట్టమన్నాడు పెద్దబాపు. దానికి మాత్రం డెమో అన్న లేచి బయటికి పోయాడు.

డెమో రోజున పటేల్ గారు ఇప్పుడుంటున్న మహబూబాబాద్ ఇంటికి ముగ్గురం పోయాం. "నేను కట్టిచ్చిన సొరంగం, నేను రాకుంటె ఎట్ల" అని పెద్దబాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. హాల్లో గోడంత టీవీ, సోఫాల నిండా చుట్టాలు. గడి కనిపించగానే పటేల్ కళ్లు చెమర్చాయి. తాను చిన్నప్పుడు ఆడుకున్న అరుగును వేలితో చూపించి చుట్టాలకు చెప్పుకున్నాడు. డెమో అన్న నా వైపు తిరిగి తల ఆడించాడు. అంతలో ముత్తాత సొరంగం నోటి దగ్గరికి రావడమూ, తలపాగా మీద లైటు వెలగడమూ జరిగాయి.

"మా తాతకు తలకాయ మీద లైటెందుకున్నది?" అన్నాడు పటేల్.

డెమో అన్న నోరు తెరిచేలోగా వెనక నుంచి పెద్దబాపు, "చీకట్ల ఎట్ల కనవడుతది పటేలా?" అన్నాడు.

"ఆయన చీకట్ల పులిని కొట్టిన మనిషి."

"పులి కండ్లు మెరుస్తయి పటేలా. బండ కండ్లు మెరవయి."

పటేల్ తల ఊపి, "గది నిజమే" అన్నాడు. మా ముగ్గురికీ ఊపిరి వచ్చింది. తాతను చూసిన సంతోషంలో పటేల్, "ఇటియ్యిన్రి, నేను నడుపుత" అని నా చేతిలోంచి మౌస్ తీసుకుని గుర్రాన్ని ఉరికించాడు. మేమెప్పుడూ దాన్ని నడకే నడిపించాం, ఉరికించి చూడలేదు. నేల గట్టిదని కంప్యూటర్‌కు చెప్పాను గానీ, గదుల తూములను కంటితో చూసి కలిపానే తప్ప కొలిచి కలపలేదు. మూడో తూముకూ నాలుగో తూముకూ మధ్య వెంట్రుకంత సందు ఉంది. గుర్రం ఆ సందులోకి ముందరి కాలు వేసింది. మరుక్షణం ముత్తాత, గుర్రం, లైటు అన్నీ కలిసి సొరంగం అడుగునుంచి జారి కిందికి పోసాగాయి. దుప్పటిని కింద నుంచి చూస్తే కనిపించదు, గేముల్లో అదొక చోద్యం. పైన నేల మాయమై, గడి, చెరువు, చింతచెట్లు ఆకాశంలో వేలాడుతూ, చూస్తుండగానే చిన్నవైపోతున్నాయి.

"మా తాత ఏడికి పోతుండు?" అన్నాడు పటేల్.

"డెమో గదా సార్" అన్నాడు డెమో అన్న, తనకే వినిపించనంత మెల్లగా.

"ఎక్కడ ఆగుతడు?"

నాకు అబద్ధమాడే ఓపిక అయిపోయింది. "ఆగడు సార్" అన్నాను. పటేల్ మౌస్ మెల్లగా బల్ల మీద పెట్టాడు. "మా తాత ఓరుగల్లుల తేలిండని మా నాయిన చెప్పిండు. మీరు తేలకుంట చేసిన్రు" అని లేచి లోపలికి పోయాడు. లోపల కోడికూర వాసన వస్తోంది. భోంచేసి పొమ్మని ఎవరూ అనలేదు. మా వైపు అంతకంటే పెద్ద తిట్టు లేదు. నేను ల్యాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టాను.

స్టేషన్‌లో రైలుకు ఇంకా ముప్పావుగంట ఉంది. డెమో అన్న సిమెంటు బెంచీ చివర కూర్చుని పట్టాల వైపు చూస్తున్నాడు. నా ఉద్యోగం ఊడిందని నాకు ఖాయమైపోయింది. ఆయన కంపెనీ కూడా నా సందులోంచే జారిపోతోందన్న సంగతి అంతకంటే ఎక్కువ బాధపెట్టింది. పెద్దబాపు నా పక్కకు జరిగి, "ఆ పటేల్ తాత ఇప్పుడేడ ఉన్నడు?" అని అడిగాడు.

"ఏడ లేడు పెద్దబాపు. మూత వేసిన, ఆట ఆగిపోయింది."

"అంటే లోపట్నే ఉన్నడా?"

"మూత తీస్తే పడ్డకాడి నుంచే మళ్ల పడుతడు."

"అయితే తీయి. మనిషిని బయటికి తెచ్చినంకనే పోదాం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మా బాయి కాడ లైట్ల గది ఉంటుండె. పొద్దుగాల ఎవ్వని లైటు వాడు తీస్కపోవాలె, డ్యూటీ దిగినంక అప్పజెప్పాలె. ఒక్క లైటు తక్కువ వచ్చినా ఎవ్వడు ఇంటికి పోయెటోడు కాదు. ఒకనాడు మా జోడీగాని లైటు రాలే. తెల్లారిందాక నిలవడ్డం" అన్నాడు. ఆ జోడీగాడు వచ్చాడో లేదో చెప్పలేదు.

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మూత తీశాను. ముత్తాత ఎక్కడో అట్టడుగున మళ్లీ పడటం మొదలుపెట్టాడు. మళ్లీ మొదటినుంచి ఆడితే ఒక్క నొక్కుతో గడి ముందర నిలబడతాడని చెప్పి చూశాను. "గట్ల కాదు. పడ్డోన్ని తీయాలె" అన్నాడు పెద్దబాపు. సరే, పడుతున్న ముత్తాత కింద ఒక పలక పెట్టాను. ముత్తాత దాని మీద ఆగాడు గానీ గుర్రం వెనక కాళ్లు బయట వేలాడాయి. అప్పటిదాకా పట్టాలు చూస్తున్న డెమో అన్న వచ్చి వంగి, "పలక వెడల్పు చెయ్యి చెల్లె" అన్నాడు. వెడల్పు చేసి, బాణం గుర్తు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టాను. జామకాయలమ్మే అవ్వ గంప దించి నిలబడింది. డోర్నకల్ పోవాల్సిన రైల్వే ఉద్యోగి ఒకాయన, ఎవరు పడ్డారని అడిగాడు. "పటేల్ తాత" అన్నాడు పెద్దబాపు. "అయ్యో, ఎట్ల పడె?" అంది అవ్వ. పడిన వివరమంతా డెమో అన్నే చెప్పాడు, నా పేరు రానివ్వకుండా. సొరంగం దగ్గరికి రాగానే పెద్దబాపు నా మోచేయి పట్టుకున్నాడు. "జర మెల్లగ. తలపాగ తాకుతది." మెల్లగా దాటించాను. చింతచెట్ల పక్కన గడ్డిలోకి గుర్రంతో సహా ముత్తాత తేలాడు. ఓరుగల్లు కాదు, గడి వెనక పెరడు. అవ్వ తలా ఒక జామకాయ ఇచ్చింది.

రైలు కాజీపేట దాటింది. డెమో అన్న నా వైపు తిరిగి, "రేపు జల్ది రా చెల్లె. తూములు కొలుసుడు నేర్సుకుందాం" అన్నాడు. ఆయనకూ అది రాదని నాకు అప్పుడే తెలిసింది. కంపెనీ ఇంకో రెండేళ్లు అలా అలా నడిచింది. పటేల్ మాత్రం మళ్లీ ఫోను చేయలేదు.

ఇప్పుడు నేను వేరే చోట, చాలామందితో కలిసి, చాలా నేలల కింద చాలా గదులు కడుతున్నాను. రానిది రాదని చెబుతాను. అయినా అప్పుడప్పుడూ ఆ ప్లాట్‌ఫారం మీది అమ్మాయి గుర్తొస్తుంది. చుట్టూ జనం, ఒళ్లో ల్యాప్‌టాప్, నెత్తి మీదికి లాక్కున్న చున్నీ. తెలిసినవాళ్లెవరైనా చూస్తున్నారేమోనని మాటిమాటికీ అటూ ఇటూ చూస్తూ, పటేల్ గారి ముత్తాతను పైకి లాగుతోంది. తెలిసినవాళ్లు ఒక్కరైనా ఆ రోజు చూసి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.