డాక్టర్ బండికి శ్యామ్‌సుందర్ కాపలా

శ్యామ్‌సుందర్‌కి అసూయ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కడుపు నిండా ఉండేది. కాకపోతే 1983 దాకా దాన్ని వాడుకునే అవకాశం రాలేదు. ఐడహో కొండల మధ్య ఉన్న ఆ ఫాస్ఫేట్ గనుల ఊళ్ళో అంతవరకూ అతనిదొక్కటే తెలుగు ఇల్లు. అమెరికన్లను చూస్తే అతనికి అసూయ పుట్టేది కాదు. వాళ్ళకి పెద్ద ఇల్లుంటే, వాళ్ళ దేశం, ఉంటుంది అనుకునేవాడు. మనవాడికుంటేనే మంట.

అతను కొత్తగూడెంలో బొగ్గుగని ఫిట్టర్ కొడుకు. ఇక్కడి గనిలో యంత్రాల మరమ్మతులు చూసే ఇంజనీరు. గనిలో అందరికీ సామ్. చెవి పెట్టి వింటే చాలు, ఇంజన్‌కి ఏం జబ్బో చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

మంచు కురిసే అయిదు నెలలూ ఆ ఊరి మగవాళ్ళందరిదీ ఒకటే పిచ్చి, స్నోమొబైల్. ముందు రెండు స్కీలు, కింద రబ్బరు పట్టా, మోటార్‌సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుని మంచు మీద దూసుకుపోవడం. ఊరి పక్క కొండకి గిన్నెలా లోతైన ఓ పెద్ద వాలు ఉంది. ఆదివారం దాని అంచు దాకా ఎక్కినవాడి మాటకే సోమవారం గని క్యాంటీన్‌లో విలువ. శ్యామ్‌సుందర్ సెకండ్‌హ్యాండ్ బండి అయిదు చలికాలాలుగా సగం దాకా వెళ్ళి ఆయాసపడి ఆగిపోతోంది.

1983లో స్నోమొబైళ్ళు అమ్మే షాపులోకి కొత్త మోడల్ వచ్చింది. గాలితో కాకుండా నీళ్ళతో చల్లబడే ఇంజన్, కొండలెక్కడానికే చేసినట్టుంది. శ్యామ్‌సుందర్ శనివారం శనివారం వెళ్ళి దాని మీద కాసేపు కూర్చుని దిగి వచ్చేవాడు. కొనే ధైర్యం లేదు, గనిలో ఎప్పుడు ఎవర్ని ఇంటికి పంపుతారో తెలియని రోజులవి. బ్రోచర్ మాత్రం తెచ్చుకుని మంచం పక్కన పెట్టుకున్నాడు.

ఆ ఎండాకాలమే ఊరి ఆస్పత్రికి తెనాలి కుర్రాడు డాక్టర్ రవికుమార్ వచ్చాడు, భార్య జయంతితో. శ్యామ్‌సుందర్ భార్య శశికళ సంతోషానికి అంతు లేదు. పప్పులు, పచ్చళ్ళు అటూ ఇటూ తిరిగాయి. శ్యామ్‌సుందర్ కూడా సంతోషించాడు, నవంబర్ దాకా.

నవంబర్లో రవికుమార్ ఫోన్ చేశాడు. "శ్యామ్ గారూ, స్నోమొబైల్ కొన్నానండీ. మీరు చెబుతూ ఉంటారే, ఆ మోడలే! షాపువాడు కొత్త ఇంజన్‌ని మెల్లగా అలవాటు చేయాలంటున్నాడు. సామ్‌ని అడుగు, ఆయన కంటే బాగా ఎవరూ చేయలేరన్నాడు. కాస్త మీరు చూడాలి."

"తప్పకుండా చూద్దాం" అన్నాడు శ్యామ్‌సుందర్. ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. జన్మలో మంచు మీద నాలుగు అడుగులు సరిగ్గా వేయని మనిషి! తన బండి, తన శనివారాలు, తను దాచుకున్న బ్రోచర్! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే అది అతని తప్పు కాదు.

మొదటి ఆదివారం రవికుమార్ గ్యారేజ్‌కి వెళ్ళాడు. బండికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. ముందు బంపర్‌కి దారంతో ఓ నిమ్మకాయ, దానికి అటూ ఇటూ మిరపకాయలు. సన్న మిరపకాయలు దొరక్క పొట్టిగా, లావుగా ఉన్న మెక్సికన్ మిరపకాయలు గుచ్చారు.

"ఏందిది?" అన్నాడు.

"దిష్టికండీ, అన్నయ్యగారూ" అంది జయంతి నవ్వుతూ. "కొత్త బండి కదా."

దిష్టి! ఎవరి దిష్టి? అమెరికన్లకి దిష్టి పెట్టడమే తెలియదు. ఇంకో తెలుగువాణ్ణి చూడాలంటే సాల్ట్ లేక్ సిటీకి మూడు గంటలు కారు నడపాలి. ఈ లోయ మొత్తంలో ఆ నిమ్మకాయ కాపాడాల్సింది ఒకే ఒక జత కళ్ళ నుంచి. శ్యామ్‌సుందర్ చెవులు వేడెక్కాయి.

ఇంటికొచ్చి శశికళతో చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "మరి మీ చూపు తక్కువదా ఏమిటి? ఆ బ్రోచర్‌కి చిల్లులు పడలేదంతే!"

"నవ్వు, నవ్వు. రేపు ఆ ఇంజన్‌కేమన్నా అయితే ఏమంటరు? శ్యామ్‌సుందర్ కన్ను పడ్డదంటరు."

శశికళ నవ్వు ఆగిపోయింది. ఉన్నదే రెండు ఇళ్ళు. అంత మాట మధ్యలోకొస్తే ఇక ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడటానికి గోడలే మిగులుతాయి. "అయితే దానికి ఏమీ కాకుండా చూడండి" అంది.

అలా వచ్చి పడింది కాపలా ఉద్యోగం. లోపల అసూయతో ఉడికిపోతున్న మనిషి ఆ బండిని కంటికి రెప్పలా చూసుకోవాల్సి వచ్చింది. మొదటి ట్యాంకు పెట్రోల్‌లో మామూలు కంటే రెండింతల ఆయిల్ తానే కొలిచి పోశాడు. ఊరి బయట చదునైన మైదానంలో రవికుమార్ వెనకే తన పాత బండి మీద తిరిగాడు. "గట్టిగ నొక్కకు రవీ! సగం కంటే దాటనియ్యకు. ఒకే స్పీడ్ మీద కూడ పోవద్దు, పెంచు, తగ్గించు. లోపల పిస్టన్‌కీ సిలిండర్‌కీ ఇంకా పొత్తు కుదరలే. తొందరపడితే పట్టేస్తది." పది నిమిషాలు నడపడం, ఆపడం, చల్లారేదాకా కాచుకోవడం. ఆగినప్పుడల్లా ఆ ఇంజన్ చప్పుడు చెవిలో మిగిలిపోయేది. ఎంత బాగుందో! అది తనది కాదని గుర్తొచ్చి మళ్ళీ మండేది.

మూడో ఆదివారం చలి కొరికేస్తోంది, సున్నాకి ఇరవై కింద. బండి ఆపాక రవికుమార్ ట్రక్కులోకి వెళ్ళి ఫ్లాస్క్‌లో కాఫీ తాగుతూ కూర్చున్నాడు. శ్యామ్‌సుందర్ స్పార్క్ ప్లగ్గులు విప్పి చూశాడు. ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే ప్లగ్ కొస పాలు కలిపిన కాఫీ రంగులో ఉండాలి. ఇవి సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి.

అతనికి క్షణంలో అర్థమైంది. షాపులో మెకానిక్ కొండపైన పలచటి గాలికి సరిపోయేలా కార్బ్యురేటర్‌లో చిన్న జెట్లు బిగించాడు. జెట్ అంటే పెట్రోల్ వెళ్ళే చిల్లు ఉన్న చిన్న ఇత్తడి ముక్క. కింద ఈ లోయలో, ఈ చలిలో, గాలి చిక్కగా ఉంది. దానికి ఆ పెట్రోల్ చాలడం లేదు. ఇంకో పావుగంట ఇలాగే తిరిగితే పిస్టన్ కరిగి సిలిండర్‌కి అతుక్కుంటుంది.

ప్లగ్గులు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. వాటిని మళ్ళీ బిగించేస్తే సరి. చేయాల్సిన పనేం లేదు, ఊరికే ఉంటే చాలు. ఈ చలికాలమంతా ఆ బండి గ్యారేజ్‌లో పడి ఉంటుంది, అంచు ఎక్కిన డాక్టర్ కథ క్యాంటీన్‌లో వినక్కర్లేదు. ఆ ఆలోచన తియ్యగా ఉంది. చాలాసేపు చప్పరించాడు కూడా.

కానీ ఇంజన్ పోతే మెకానిక్ తప్పని ఎవరంటారు? కన్ను అంటారు. ఈసారి ఆ మాట నిజమే అవుతుంది. పైగా అంత మంచి ఇంజన్ ఆర్తనాదం చేసి ఆగిపోవడం తన చెవులతో వినాలి. అది అతనివల్ల కాదు.

బండితో ఇచ్చిన సంచిలో పెద్ద జెట్లు ఉన్నాయి. గ్లౌజులతో ఆ చిన్న ముక్కలు చేతికి చిక్కవు. గ్లౌజులు తీసేసి, తనను తానూ రవికుమార్‌నూ కలిపి తిట్టుకుంటూ, రెండు జెట్లూ మార్చాడు. వేళ్ళ కొసలు తెల్లబడి స్పర్శ పోయింది. రవికుమార్ దిగి వచ్చేసరికి మూత వేసేశాడు. "ఏమైనా ఉందాండీ?" అని అడిగితే "ఏం లేదు, నడువు" అన్నాడు. మర్నాడు వేళ్ళు బొబ్బలెక్కి ఆస్పత్రికి వెళ్ళక తప్పలేదు. కట్టు కట్టింది రవికుమారే. మంచు తవ్వుతుంటే ఇలా అయిందని శ్యామ్‌సుందర్ బొంకాడు.

అయిదో ఆదివారం ఇంజన్ సిద్ధమైంది. కొండకి తగ్గ చిన్న జెట్లు మళ్ళీ బిగించి, బండిని ఆ గిన్నె వాలు కిందికి తెచ్చారు. గని మనుషులు అప్పటికే పాతికమంది ఉన్నారు. రవికుమార్ దిగి హ్యాండిల్ అతనివైపు తిప్పాడు. "మొదటిసారి ఫుల్ థ్రాటిల్ నొక్కేది మీరే శ్యామ్ గారూ."

శ్యామ్‌సుందర్ రెండోసారి చెప్పించుకోలేదు. బండి మంచును చీల్చుకుంటూ లేచింది. సగం దాటింది, ముక్కాలు దాటింది, ఎక్కడా ఆయాసం లేదు. అంచు మీద ఆపి కిందికి చూశాడు. అయిదేళ్ళ కోరిక అది. అక్కడ నిలబడి గట్టిగా అరిచాడు. కింద నుంచి కేకలు వినిపించాయి. "డాక్టర్ బండి ఎక్కేసింది!" అంటున్నారు. సామ్ అన్నవాడు ఒక్కడు లేడు.

కిందికి దిగేసరికి అతనికి ఇక లోపల దాచుకునే ఓపిక లేకపోయింది. "రవీ, ఉన్నమాట చెప్తున్న. నిన్ను చూస్తే నాకు మస్తు కుళ్ళు. మొదటి రోజు నుంచి. ఈ బండి పాడైపోతే బాగుండునని కూడ అనుకున్న."

"తెలుసండీ" అన్నాడు రవికుమార్. "ప్లగ్గులు పట్టుకుని మీరు అంతసేపు నిలబడటం ట్రక్కులోంచి చూశాను. తర్వాత గ్లౌజులు తీయడమూ చూశాను. మంచు తవ్వితే వేళ్ళ కొసలకే బొబ్బలు రావు శ్యామ్ గారూ. నాకు ఇంజన్లు తెలియవు గానీ వేళ్ళు తెలుసు. దీన్ని మీరు అంతగా కోరుకున్నారని షాపువాడు ముందే చెప్పాడు. అందుకే మీకు అప్పజెప్పాను. నాకంటే మీకే దీని మీద ప్రేమ ఎక్కువ. వచ్చే వారం నుంచి ఆదివారాలు నాకు ఎలాగూ డ్యూటీలే. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి."

శ్యామ్‌సుందర్ తాళంచెవి తీసుకున్నాడు. అప్పటిదాకా అతని అసూయ బండి మీదే. అంతమందిలో, అంత తేలిగ్గా, అంత మాట అనగలిగిన మనసు ఆ తెనాలి కుర్రాడికి ఎలా వచ్చింది, నాకెందుకు లేదు అనే కొత్త అసూయ ఆ మధ్యాహ్నం నుంచి మొదలైంది. దానికి ఏ షాపులోనూ బ్రోచర్ లేదు.