రాతల రాయి దగ్గర నిలబడు

మొన్న ఆదివారం సాయంత్రం మావారితో కలిసి రాజమండ్రిలో గోదావరి గట్టు మీద కొత్తగా పెట్టిన చరిత్ర బోర్డులు చూస్తూ నడుస్తుంటే, ఒకదాని మీద మా చిన్నప్పటి రాతల రాయి ఫోటో కనబడింది. రేవు మెట్లు మళ్ళీ కట్టినప్పుడు ఆ రాయిని తీసేశారు, ఎక్కడ పెట్టారో ఎవరినడిగినా చెప్పలేకపోయారు. ఫోటో కింద ఏం రాశారో చదువుదామని వంగి, మా ఆరేళ్ళ పాప చెయ్యి వదిలాను. తలెత్తేసరికి పాప లేదు.

పాప ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. ఈ మాట రాస్తూ కూడా ఒకసారి తిరిగి చూసుకున్నాను.

నా వయసువాళ్ళలో గట్టు దగ్గర పెరిగినవాళ్ళకి ఆ రాయి గుర్తుండే ఉంటుంది. నాన్నగారికి పూజ సామాన్ల కొట్టు ఉండేది, పండగ రోజుల్లో ఆయన కొట్టు వదిలి కదిలేవారు కాదు, అందుకని పిల్లలందరినీ స్నానానికి తీసుకెళ్ళే పని మామ్మది, అంటే నాన్నగారి అమ్మది. మెట్ల పక్కన నడుమెత్తున నల్లటి రాయి, దాని మీద అరిగిపోయిన అక్షరాలు, స్నానం చేసి వచ్చిన ఆడవాళ్ళు పసుపు రాసి రాసి వాటిని ఇంకా పూడ్చేశారు. ఎవరో మెట్లు కట్టించిన సంగతి అందులో ఉందని తాతయ్య, కాదు, ఏదో వరద అంతవరకూ వచ్చిందని చెప్పే గుర్తని బాబాయి, ఏళ్ళ తరబడి భోజనాల దగ్గర వాదించుకునేవారు. మామ్మకి ఆ గొడవ పట్టేది కాదు.

"అందులో ఏం రాసుంటే నీకెందుకే. తప్పిపోయావనుకో, ఎటూ తిరక్కుండా వెళ్ళి దాని పక్కన నిలబడు. మేమే వస్తాం" అనేది.

నాకు పదేళ్ళప్పుడు వచ్చిన పుష్కరాల్లో నిజంగానే తప్పిపోయాను. ఎటు చూసినా తడిచీరలు, తడికాళ్ళు, మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు, వాటిలో నా పేరు వస్తుందేమోనని భయం, రాదేమోనని అంతకన్నా భయం. ఎలాగో రాయి దగ్గరికి చేరి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. ఉప్పాడ నుంచి వచ్చిన చేపలమ్మే ఆవిడ నన్ను చూసి, మైకు దగ్గరికి తీసుకెళ్తాను రమ్మంది. నేను కదలనన్నాను, మామ్మ ఇక్కడికే వస్తుందన్నాను.

"అయితే నేనూ ఇక్కడే కూచుంటాలే. నిన్నెవరన్నా ఎత్తుకుపోతే మీ మామ్మ నన్నడుగుద్ది" అని నవ్వి, జనానికీ నాకూ మధ్య చతికిలబడింది.

మామ్మ తడిచీరతోనే వచ్చింది. తిట్టలేదు. ముందు రాయి మీద చెయ్యి పెట్టి, తర్వాత నా తల మీద పెట్టింది.

మొన్న పాప కనబడకపోయినప్పుడు నాకు మొదట ధైర్యమే కలిగింది. ఎందుకంటే గట్టెక్కగానే మామ్మ మాటే పాపకి నేనూ నేర్పాను, రాయి లేదు కాబట్టి బోర్డు అని చెప్పాను. తప్పిపోతే బోర్డు దగ్గర నిలబడమ్మా అని. చెప్పినప్పుడు నాకు తట్టని సంగతి అప్పుడు కళ్ళ ముందు కనబడింది. గట్టు పొడుగునా బోర్డులే, అన్నీ ఒకే నీలం రంగు, ఒకే ఎత్తు. మావారు వంతెన వైపు పరిగెత్తారు, నేను ఇటు వైపు. ప్రతి బోర్డు దగ్గరా ఎవరో ఒక పిల్ల ఉంది, మా పిల్ల కాదు. ఎవరో పెద్దాయన, పాప ఫోటో చూపించండమ్మా అంటే నా వేళ్ళకి ఫోను లాక్ తియ్యడం రాలేదు. మెట్లకి అవతల నీళ్ళున్నాయి, వాటి వైపు చూడకూడదనుకుంటూ అటే చూస్తున్నాను.

వెనకనుంచి వచ్చి పాపే నా చున్నీ లాగింది. ఏడవడం లేదు, కోపంగా ఉంది.

"బోర్డు దగ్గరుండమన్నావుగా. ఉన్నాను. నువ్వు రాలేదు. నీ బోర్డు వేరేమో అని దాని దగ్గరికెళ్ళా. అక్కడా లేవు. ఏ బోర్డో సరిగ్గా చెప్పాలి కదమ్మా!"

నేను వెతికి వదిలేసిన చోటికి అది వస్తూ, అది వదిలేసిన చోటికి నేను వెళ్తూ, ఇద్దరం ఒకరి వెనక ఒకరం తిరిగామన్నమాట.

ఆ రాయి మీద ఉన్నది ఇంటికొచ్చాక, మావారు తీసిన బోర్డు ఫోటోలో చదివాను. ఎవరో వర్తకుడు తల్లి పేరున మెట్లు కట్టించాడట, తాతయ్యే గెలిచారు, బాబాయి ఉంటే ఒప్పుకునేవారు కాదు. బోర్డులు బాగానే రాశారు, తప్పు పట్టడానికి లేదు. కానీ మా చిన్నతనంలో రాయి దగ్గర అంటే ఊరంతటికీ ఒకటే చోటు, చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ అనుమానం ఉండేది కాదు. అలాంటి చోటొకటి పాపకి చూపించలేకపోతున్నాను.

మళ్ళీ పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. ఈసారి చోటు నువ్వే చెప్పమని పాపనడిగాను. చాలాసేపు ఆలోచించి, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ బండి అంది, ఆవిడకి తన పేరు తెలుసట. సరేనన్నాను. పుష్కరాల పనుల కోసం గట్టు మీద బండ్లన్నీ తీసేస్తారని కూరగాయల దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఆ మాట దానికింకా చెప్పలేదు.