ఫ్యాను దగ్గర ఉత్తర దిక్కు

నేను రొంపిచెర్ల దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సోషల్ టీచర్ని. పద్దెనిమిదేళ్లుగా 'మ్యాపులో పైన ఉత్తరం, కింద దక్షిణం' అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. మ్యాపు ఎప్పుడూ గోడకే వేలాడుతుండేది.

రెండేళ్ల కిందట తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు నా ఏడో తరగతిలో నిలబడి, "ఉత్తర దిక్కు ఎటో చూపించండి" అన్నారు. నలభై మందీ ఒక్కసారే ఫ్యాను వైపు చేతులెత్తారు. కళ్లతో సైగ చేద్దామనుకున్నాను గానీ, ఎటు చెయ్యాలో నాకూ తెలియలేదు.

"పోనీ, మీరు చూపించండి మేడమ్" అన్నారాయన.

నేను కిటికీ వైపు చూపించాను. ఆయన ఫోను తీసి, దాన్ని పట్టుకుని మూడు చుట్లు తిరిగి, "సిగ్నల్ లేదు" అని జేబులో పెట్టుకున్నారు.

భోజనం సిద్ధమైందని చెప్పడానికి వచ్చిన మా బడి వంటమనిషి మరియమ్మ గుమ్మంలోంచే, "ఉత్తరం కోసం ఇంత తిప్పలేందయ్యా? అదిగో, వాటర్ ట్యాంకు వైపు" అంది. అది నేను చూపించిన కిటికీకి సరిగ్గా ఎదురు దిక్కు.

ముందు బెంచీలోంచి నాగమణి లేచింది. "మాకూ తెలుసండి. ఇంటికాడ ఉత్తరం అటేనండి. బళ్లోనే పైనుంటది."

ఆఫీసరుగారు రిజిస్టర్లో 'బోధన సంతృప్తికరం' అని రాసి వెళ్లిపోయారు.

ఇప్పుడు మ్యాపును నేల మీద పరిచి పాఠం చెబుతున్నాను. పరిచే ముందు మాత్రం మరియమ్మను పిలిచి దిక్కు అడుగుతాను. ఆమె మ్యాపుల పాఠం రాకముందే బడి మానేసిందట.