ముత్తయ్యను పిలిచిన రోజు

దీన్ని ఇంతకాలం రాయకపోవడానికి ఒక కారణం, యాభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. రెండో కారణం, ఇందులో తప్పు నాది. దాన్ని ఇంకొకరికి చెప్పి రాయించుకునే ధైర్యం లేకపోయింది.

1988, పంచాయతీ ఎలక్షన్లు. ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు మాది. అప్పటికి పదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి క్యాన్వాసింగ్ చేసేదాన్ని. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో నోటికి వచ్చు. ఆ ఏడు మా క్యాండిడేటు ఓటర్ లిస్టు తీసుకెళ్లి మరియమ్మ చేతిలో పెట్టాడు. అశ్వారావుపేట నుంచి కోడలిగా వచ్చి ఏడాది కాలేదు, టెన్త్ పాసైంది. ఇంటి ముందు నిలబడి, లిస్టు చూసి, ఇంటాయన పేరు గౌరవంగా పిలవడం మా పద్ధతి. తన పేరు కాగితంలో ఉందంటే ఎంత కోపంగా ఉన్నవాడైనా బయటికొస్తాడు. చదువు రాకపోయినా పేర్లన్నీ నోటికొచ్చి అంతవరకూ నేనే పిలిచేదాన్ని. ఆ పిలుపు ఇప్పుడు ఆమెది. వెనక ఓటు స్లిప్పుల సంచీ నాది. పీట ఆమెకే వేసేవాళ్లు.

లిస్టులో చనిపోయినవాళ్ల పేర్లూ ఉంటాయి, ముందే కొట్టేయాలి. వాగు పక్క గూడేనికి బయల్దేరేముందు మరియమ్మ అడిగింది.

"ఈ గూడెంల ఎవరన్నా పోయిండ్రా అక్కా?"

ఆ గూడెం ముత్తయ్య పోయి పది రోజులు. జ్వరంతో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. నాకు తెలుసు.

"ఎవల్లేరు" అన్నాను.

ఆ గూడెంలోని నలభై ఓట్లు పడితేనే మాకు గెలుపు. కానీ పోయిన ఎలక్షన్లో తాగే నీళ్లకు బోరింగు వేయిస్తామని చెప్పి వేయించలేదు. ఆడవాళ్లు దారికి అడ్డంగా బిందెలు పెట్టి నిలబడ్డారు. ఏ మొహం పెట్టుకొని వచ్చారని నన్నే నిలదీశారు. ఒక ముసలామె మరియమ్మ చేతిలో లిస్టు చూసి, "బోరింగు గూడ కాయిదంలనే ఉన్నదా బిడ్డా?" అంది.

"ఉంటే చింపి నీకే ఇస్త అత్తా, బిందెల పెట్టుకో" అంది మరియమ్మ.

అందరూ నవ్వారు. బిందెలు పక్కకు జరిగాయి. పదేళ్లలో నా మాటకు ఆ గూడెంలో ఎవరూ నవ్వలేదు. నా కడుపు మండింది. ముత్తయ్య సంగతి అప్పుడైనా చెప్పొచ్చు, చెప్పలేదు.

"ముత్తయ్య గారూ" అని ఆ ఇంటి ముందు నిలబడి పిలిచింది మరియమ్మ.

ముత్తయ్య భార్య బయటికొచ్చింది. అరవలేదు.

"ఉన్నడు. వాగవతల పండుకున్నడు. పోయి లేపు."

ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ నిలబడనీయలేదు. సంచీ లాగి స్లిప్పులు వాగులో పోశారు. సాయంత్రం క్యాండిడేటు మండిపడితే మరియమ్మ, తనే చూసుకోలేదని, అక్కకు తెలియదని చెప్పింది. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. ఆ పేరు ఆ పిల్ల నోటితో నేనే పిలిపించానని మాత్రం ఇంటికి నడుస్తుంటే తెలిసొచ్చింది. తర్వాత ఎన్ని ఎలక్షన్లు చేసినా, ఏ ఊళ్లో అడుగుపెట్టినా ముందు పోయినవాళ్ల గురించే అడిగాను.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే ముత్తయ్య ఇంటికి పోయాను. ఆ పిల్లకు తెలియదని, నేను తెలిసే దాచానని చెప్పాను. ఆమె వాకిలి ఊడుస్తూ తల ఎత్తలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్? ఆ పిల్లను తోల్కరా. ఆమె ముందల చెప్పు."

వాగు దాటి మరియమ్మ ఇంటికి నడిచాను.