మామయ్య కూర్చున్న డబ్బా

మా ఆవిడకు ఇవాళ్టికి మూడో రోజు జ్వరం. చలిగా ఉందంటే పొద్దున బీరువా అడుగు నుంచి నా పాత స్వెట్టర్ లాగాను. జేబులో ఏదో వేలికి చురుక్కున దిగింది. చూస్తే రబ్బరు కప్ప. బురద రంగు, ఒక కాలు లేదు, వీపు మీద రెండు కొక్కేలు. వేలు నోట్లో పెట్టుకుని అక్కడే చతికిలబడ్డాను.

దాన్ని కొన్న ఏడాది నాకు చేపలు పట్టే పిచ్చి. గాలానికి వానపాములు గుచ్చే కాలం పోయిందనుకుని, ఫోన్‌లో చూసి ఆకుపచ్చవి, పసుపువి, మెరిసేవి, ఒకటి బురద రంగుది, మొత్తం పన్నెండు రబ్బరు కప్పలు ఎరకని తెప్పించి బిస్కెట్ల రేకు డబ్బాలో పేర్చుకున్నాను. ఒక్క చేప పడితే ఒట్టు. ఆ చలికాలమే టేకులపల్లి అవతలి ఊళ్ళో మా అత్తగారికి టైఫాయిడ్ వచ్చిందంటే వెళ్ళి అక్కడే ఉన్నాం. జ్వరమైతే తగ్గింది గానీ ముద్ద దిగడం లేదు. గంజి పెడితే మొహం తిప్పేసేది. ఇట్లా తినకపోతే కష్టమన్నాడు డాక్టరు. ఓ పొద్దున ఆమే, "మన కుంటల కొర్రమట్టయితే రెండు బుక్కలు తింటనేమో" అంది. సంతలో దొరికేవి పెంపకం చేపలు, వాసన చూసే పట్టేస్తుంది. గాలం వేస్తే ఊళ్ళో మామయ్య తర్వాతే ఎవరైనా. కానీ ఆ ఏటికి ఆయన చేతులు వణుకుతున్నాయి. నా వైపు చూశాడు. ఆ చూపులో నమ్మకమేమీ లేదు, వేరే దిక్కు లేదంతే.

అడవి అంచున కుంట గట్టు మీద నాకు కాలు నిలవలేదు. ఆకుపచ్చది వేసి లాగాను. పసుపుది కట్టాను. పది నిమిషాలకో కప్ప. ఇంటి దగ్గర ఆమె లేచిందో లేదోనని ఒకటే గుబులు. మళ్ళీ డబ్బా తీయబోతే మామయ్య లాక్కుని, కాలు ఊడిందని నేను పక్కన పడేసిన బురద రంగుదాన్ని చేతిలో పెట్టాడు.

"ఊకె మార్చకు అల్లుడా. సలికి సేప ఉరకదు. ఎండ తగిలినంక గా తామరాకుల కాడికి గాలి పీల్చుకోనీకొస్తది. ఆడ పెట్టి కదలకుండ కూసో."

"ఎంతసేపు మామా?"

"అదొచ్చేదాంక."

మూత పెట్టి ఆ డబ్బా మీదే కూర్చున్నాడు. నా పదకొండు కప్పలూ ఖైదు.

కప్ప ఆకు పక్కన తేలుతోంది. ఎండ మెల్లగా పాకుతోంది. ఇంట్లో భార్య అట్లా ఉంటే రాయిలా కూర్చున్నాడు, ఈయనకసలు గుండె ఉందా అని ఒళ్ళు మండింది. అప్పుడు వినపడింది, సన్నగా గలగలమని. డబ్బాలో కొక్కేలు. మామయ్య మోకాలు ఆగకుండా ఆడుతోంది. కళ్ళు మాత్రం ఆకు మీదే. నేనిక డబ్బా అడగలేదు.

ఎండ నెత్తి మీదికొచ్చేసరికి ఆకు కింద నీళ్ళు పొంగాయి. కప్ప మాయం. లాగితే మోచెయ్యంత కొర్రమట్ట! మామయ్య "జల్దీ" అన్నాడంతే, డబ్బా అక్కడే మరిచి ముందు నడిచాడు. కప్పను ఊడదీసి జేబులో పడేసుకుని నేను వెనకాల పరిగెత్తాను. అత్తగారు నాలుగు బుక్కలు తిని, ఐదోది కలుపుతూ "ఉప్పెక్కువైంది" అంది. మామయ్య వాకిట్లోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

పొద్దున్నుంచి మా ఆవిడను ఇడ్లీ తింటావా అన్నాను, జావ తాగుతావా అన్నాను, బత్తాయి రసం తియ్యనా అన్నాను. నాలుగోసారి వంటింట్లోంచి వస్తుంటే, "ఊకె అడగకు, జెరసేపు కూసో" అంది, అచ్చం తండ్రి లాగే. మంచం అంచున కూర్చున్నాను. నా మోకాలు ఆడుతూనే ఉంది, మంచం కిర్రుకిర్రుమంటోంది. ఆ రోజు గట్టు మీద గడిచింది రెండు గంటలే. మామయ్యకు అవి ఎంత పొడుగో తెలియడానికి నాకిన్నేళ్ళు పట్టింది.