రెండో బ్రేకు

మా పెద్దమ్మ కుడికాలు ఆవిడ మాట వినదు. ఆటో ఎక్కినా, ఎవరి స్కూటరు వెనకాల కూర్చున్నా, సినిమాహాల్లో తెర మీద కారు మలుపు తిరిగినా ఆ కాలు నేలని గట్టిగా అదుముతుంది. ఒకసారి మా ఇంట్లో బీరువా మీద నుంచి పిల్లి దూకబోతే కూడా అదిమింది. అప్పట్నుంచీ మా చుట్టాలందరికీ ఆవిడ బ్రేకు పెద్దమ్మ.

కారణం వింటే మీరు కూడా ఆవిడనేమీ అనరు. ఆవిడ పాతికేళ్లుగా కారు నడపడం నేర్పుతోంది. చిన్న స్కూలు, ఒకటే కారు. ఆ కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, పక్క సీటులో కూర్చునే పెద్దమ్మ కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు. స్టీరింగు మాత్రం ఒక్కటే, అది ఎప్పుడూ ఆవిడ చేతిలో ఉండదు. నేర్చుకునేవాడు బండిని తిన్నగా గోడ మీదికి తీసుకుపోతున్నా ఆవిడ గొంతు పెంచదు. "ఆ గోడతో మనకేం గొడవ బాబూ, ఇటు తిప్పు" అంటుంది. కాలు తన పని తను చేసుకుపోతుంది.

ఆవిడకి ఇంకో అలవాటుంది. ఫలానావాళ్లకి కారు నడపడం వచ్చేసిందని నోటితో చెప్పదు. ఒకరోజు మంచి రద్దీలో, చెప్పాపెట్టకుండా చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చుని కమలాపండు ఒలుచుకుంటుంది. అంటే ఇక రెండో బ్రేకు మీద ఎవరూ లేరన్నమాట. నా వంతు వచ్చిన రోజు ఓరకంట ఆ కాళ్లు చూశాను, పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్లు దించమని బతిమాలాను. "తొన తింటావా?" అంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కారు చక్కగా ఇల్లు చేరింది. ఆ పూటంతా నేను నేల మీద నడవలేదు.

ఇంతమందిని రోడ్డెక్కించిన మనిషి తను మాత్రం ఊరు దాటలేదు. దానికి కారణం పెదనాన్న. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేస్తాడు. మనిషి బంగారం, కానీ బండెక్కితే వాంతి. వీధి చివరి దాకా ఆటోలో పోవాలన్నా జేబులో నిమ్మకాయ ఉండాల్సిందే. ఆయన్ని వదిలి వెళ్లడం ఆవిడకి ఇష్టం లేదు, ఆయనతో వెళ్లడం అయ్యే పని కాదు. అలా ఆ కారుకి ఎన్నిసార్లు టైర్లు మార్చినా, అవన్నీ మా ఊరి వీధుల్లోనే అరిగిపోయాయి.

అసలు గొడవంతా ఘాట్ రోడ్డు తెచ్చిపెట్టింది. మా ఊరు అరచేయంత చదునుగా ఉంటుంది. అయినా లైసెన్సు పరీక్షలో అడుగుతారు కాబట్టి ఆ పాఠం చెప్పక తప్పదు. పెద్దమ్మ బల్ల మీద దుప్పటి మడతపెట్టి కొండ చేస్తుంది. రెండు అగ్గిపెట్టెలు రెండు బళ్లు. "మలుపు దగ్గర హారను కొట్టి, అవతల చప్పుడు వినాలి. ఎక్కే బండికే ముందు దారి. దిగే బండి ఆగాలి" అని ఒక అగ్గిపెట్టెని ఆపి, ఇంకోదాన్ని ఎక్కిస్తుంది. ఈ పాఠం వింటున్న ఒక నర్సమ్మ, పాపం ఏ ఎత్తిపొడుపూ లేకుండానే అడిగింది.

"నిజం కొండ మీద కూడా ఆగుతారా మేడమ్? మీరు ఎక్కినప్పుడు ఆగారా?"

"నేనెప్పుడూ ఎక్కలేదమ్మా" అంది పెద్దమ్మ. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేసి దుప్పటి లోపల పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం నా ఆఫీసుకి వచ్చింది. నాది టూర్ల ఆఫీసు. మనుషుల్ని బస్సెక్కించి, తిప్పి, వేళకి తినిపించి, ఎక్కించిన చోటే దించడం నా పని. పెద్దమ్మ అందరు కస్టమర్లలాగే నా ఎదురుగా కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, "నేనొక్కదాన్నే కొండెక్కి రావాలే" అంది.

నాకెంత సంతోషమేసిందో. ఉన్నవాటిలో మంచి టూరు తీసి ముందు పెట్టాను. గైడు, కిటికీ పక్క సీటు, శుభ్రమైన గది, అడక్కుండానే టీ.

"దారిలో ఆగాలనిపిస్తే?" అంది.

"ఆగే చోట్లున్నాయి పెద్దమ్మా."

"నాకు ఆగాలనిపించిన చోట?"

"అందరికీ ఆగాలనిపించే చోట్లే అవి. ఏళ్ల తరబడి చూసి పెట్టినవి."

"నాకింకా అనిపించనే లేదు, మీకు ముందే ఎలా తెలిసిందే? అదేం వద్దులే, మన కారు వేసుకుని పోతాను."

నాకు ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్లంటారు, నిజమే. "మొదటిసారి ఒక్కదానివే పోతూ ఈ పెంకితనం ఏంటి? దారి తప్పితే? కళ్లు తిరిగితే? టైరు పంక్చరైతే?" అని వరసపెట్టి అడిగాను.

"టైరు మార్చడం నీకు నేర్పిందెవరే?" అంది.

నేర్పింది ఆవిడే. అయినా ఒక్కదాన్నే పంపడానికి ఒప్పుకోలేదు. పెదనాన్న నా పక్షమే. "గైడుంటే మంచిదేగా, అడగడానికో మనిషుంటాడు" అన్నాడు. ఆయన బెంగ మొహంలో కనబడుతూనే ఉంది. పెద్దమ్మ అది చూసి కాస్త మెత్తబడింది. చివరికి రాజీకొచ్చాం. ముందు దగ్గర్లో ఉన్న సరస్సుకి ఒక్కరోజు టూరు. నచ్చితే కొండక్కూడా బస్సులోనే. నచ్చకపోతే ఆవిడ ఇష్టం.

పెద్దమ్మ కదా అని గౌరవంగా సరిగ్గా డ్రైవరు వెనక సీటిచ్చాను. అంతకు మించిన తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మధ్యాహ్నానికల్లా డ్రైవరు ఫోను చేశాడు.

"మేడమ్, మీ పెద్దమ్మగారు చాలా మంచివారు. కాకపోతే ఆవిడని చివరి సీటుకి మార్చమంటారా? నేను బ్రేకు వేసే లోపే వెనకాల ధబ్బుమని చప్పుడొస్తోంది. నాకు చెమటలు పడుతున్నాయి."

సాయంత్రం బస్సు దిగిన పెద్దమ్మని సరస్సు ఎలా ఉందని అడిగాను.

"ఏమోనే. డ్రైవరు ఎడంకాలు చూశాను. క్లచ్చి మీద నుంచి తియ్యడు. మనిషి మంచివాడే, ఒకసారి నా దగ్గరికి రమ్మను, చెప్తాను."

బస్సులో అందరూ నీళ్లూ పడవలూ చూసొచ్చారు, మా పెద్దమ్మ డ్రైవరు కాలు చూసొచ్చింది. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఇంకోళ్లు నడుపుతుంటే నేను కిటికీ వైపు తల తిప్పలేనే. పాతికేళ్ల అలవాటు, ఇప్పుడు పోదు. నేను నడుపుకుంటే, చూడాలనిపించిన చోట ఆపుకుని చూస్తాను" అంది.

టూర్లు చెడ్డవని నేననను, నేను తినే అన్నం వాటిదే. దారి సంగతి వేరేవాళ్లకి వదిలేసి హాయిగా కూర్చోగలిగినవాళ్లకి అంతకన్నా సుఖం లేదు. వదిలేయడమే రాని మనిషిని బస్సెక్కించి ఏం లాభం? ఆ ముక్క నాకప్పుడే అర్థమైంది. అర్థమయ్యాక నవ్వు పోయి భయం పట్టుకుంది. మా అమ్మ పోయాక నాకు మిగిలిన అమ్మ ఈవిడే. కొండ మలుపులో ఆ చిన్న కారు, అందులో ఆవిడ ఒక్కతే, పక్క సీటు ఖాళీ. ఆ ఆలోచన నేను చివరిదాకా ఆలోచించలేకపోయాను. నేనూ వస్తానని పట్టుబట్టాను.

"నేనొక్కదాన్నే అన్నానుగా" అంది పెద్దమ్మ.

"పక్కన కిమ్మనకుండా కూర్చుంటా. లేననుకో."

"లేనట్టుండటం నీ వల్ల అయ్యే పనేనా?" అన్నాడు పెదనాన్న.

బయల్దేరే రోజు పొద్దున్నే బ్యాగు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పెద్దమ్మ కారు కడిగించి, స్కూలు బోర్డు తీసేయించి, డ్రైవరు సీటులో కూర్చుని ఉంది. ఎప్పుడూ పక్క సీటులో చూసిన మనిషిని అక్కడ చూస్తే ఇంట్లో బీరువాని ఎదుటి గోడకి మార్చినట్టుంది. నేను గబగబా పక్క సీటులో కూర్చుని తలుపేసుకున్నాను. దిగనని చెప్పాను. పెదనాన్న వచ్చి కిటికీలోంచి ఆవిడ చేతిలో ఒక నిమ్మకాయ పెట్టాడు. ఆవిడకి జన్మలో వాంతి వచ్చింది లేదు. అయినా మాట్లాడకుండా తీసుకుని ముందు పెట్టుకుంది.

కారు కదిలింది. సందు దాటి మార్కెట్టు రోడ్డెక్కగానే ఒక తోపుడుబండి అడ్డమొచ్చింది. పెద్దమ్మ వేగం తగ్గిస్తూనే ఉంది. ఈలోపే నా కాలు రెండో బ్రేకుని బలంగా తొక్కేసింది. కారు గక్కున ఆగింది. నిమ్మకాయ దొర్లి నా కాళ్ల దగ్గర పడింది. వెనకనున్న స్కూటరాయన మా ఇద్దరినీ కలిపి తిట్టుకుంటూ పోయాడు.

పెద్దమ్మ కారు పక్కకి తీసి ఆపింది. నాకు అక్షింతలు తప్పవనుకున్నాను.

"నాకింతవరకూ ఎవరూ బ్రేకు వెయ్యలేదే" అంది నెమ్మదిగా. "ఇలా ఉంటుందన్నమాట. పాపం, నా దగ్గర నేర్చుకున్న పిల్లలు."

నేను తలొంచుకున్నాను.

"కాళ్లు పైన పెట్టు" అంది.

"నా వల్ల కాదు పెద్దమ్మా. నాకు భయమేస్తోంది."

"నీకోసం నేను పెట్టలేదూ? భయం లేక పెట్టాననుకున్నావా? ఆ రోజు తిన్న కమలాపండు రుచి నాకు ఈ రోజుకీ తెలీదే."

అన్నేళ్లూ అది ధీమా అనుకున్నాను. చెప్పులు విడిచాను. ఒక కాలు, తర్వాత రెండో కాలు సీటు మీదికి లాక్కుని కూర్చున్నాను. పెద్దమ్మ కారు తీసింది. మార్కెట్టు, బస్టాండు, పెద్ద చౌరస్తా, అన్నీ చుట్టింది. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా నా పాదాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను గానీ దించలేదు. అంతా తిప్పి మళ్లీ ఇంటి ముందుకే తెచ్చి ఆపింది.

"దిగమ్మా. నీకు వచ్చేసింది" అంది.

దిగాను. కిందపడిన నిమ్మకాయ తీసి తుడిచి ఆవిడకిచ్చాను. పెదనాన్న, నేను గుమ్మంలో నిలబడి, కారు సందు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూశాం.

ఆ రోజు నేను ఆఫీసుకి పోలేదు. పెదనాన్న ఒక గడియారం విప్పి ముందేసుకున్నాడు, మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఇద్దరం అవీ ఇవీ మాట్లాడుకున్నాం, కారు మాట తప్ప. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. ఇద్దరికీ వినబడేలా బల్ల మీద పెట్టాను.

"ఎక్కడున్నావు పెద్దమ్మా?"

"నాకు ఆగాలనిపించిన చోట" అంది. గాలి చప్పుడు వినబడుతోంది. "కారు ఓరగా ఆపి, గట్టు మీద కూర్చున్నా. కిందంతా పచ్చగా ఉందే. మనూరు కనబడుతుందేమోనని చూశా, ఎక్కడ కనబడుతుంది, నా పిచ్చి గానీ."

"భయమెయ్యలేదా?"

"వెయ్యకేం. ఇందాక ఒక మలుపు దగ్గర హారను కొట్టి విన్నాను. పైనుంచి లారీ. మలుపంతా అదే ఉంది. నా పని అయిపోయిందనుకున్నా."

బల్ల కింద ఏదో చప్పుడైంది.

"ఆగిందే" అంది పెద్దమ్మ. "అంత లారీ నాకోసం ఆగింది. దిగే బండి ఆగాలిగా, ఆగింది. ఆ డ్రైవరు చెయ్యి ఊపి, రామ్మా అన్నాడు. ఆ నర్సమ్మకి చెప్పాలి. నేనిన్నాళ్లూ చెప్పింది నిజమేనే."

నేను ఏడ్చాను. సంతోషంగానే ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

"మీ పెదనాన్న ఏం చేస్తున్నారు?" అంది.

బల్ల కిందికి చూశాను. ఎన్నడూ స్టీరింగు ముట్టుకోని మా పెదనాన్న కుడికాలు నేలని గట్టిగా అదిమిపట్టి ఉంది. లారీ ఆగి ఇంతసేపైనా ఆయన ఇంకా తియ్యలేదు.

"బ్రేకు తొక్కుతున్నాడు" అన్నాను.

"కాళ్లు పైన పెట్టుకోమను. ఇంకా పైకి చాలా మలుపులున్నాయి" అని పెట్టేసింది.

ఆయన బుద్ధిగా చెప్పులు విడిచి, రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. నేనూ అలాగే కూర్చుని, లోపలున్న కమలాపండు తెచ్చి ఒలిచి ఆయనకి సగం ఇచ్చాను. ఇద్దరం తిన్నాం. రుచి మాత్రం ఇద్దరికీ తెలియలేదు.