నాలుగు నిమ్మకాయలు, రెండు రాళ్లు

రెండు వేల ఇరవై మూడు, దసరా. వానలు వెనక్కి పోయి, పొద్దున పూట జెర చలి షురూ అయిన రోజులు. ఆ పండుగ నాడు మా పద్మారావు నగర్ గల్లీలో ఏం జరిగిందో మీరు ఈపాటికి ఎవరి నోటనో వినే ఉంటారు. తలా ఒక తీరుగా చెబుతున్నారు. ఒకాయనైతే నేను బండి కింద పడుకున్నానని చెప్పాడట! పడుకోలేదు. నిలబడే ఉన్నాను. ఒక కాలు మాత్రం పెట్టాను. అందుకే, వేరేవాళ్లు చెప్పేకంటే నేనే రాస్తున్నా.

నేను వెల్డర్ని. బడికి పోలేదు. ముప్పై రెండేళ్ల వయసులో, డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిన్నాక, నా భార్య సత్తెమ్మ మా బిడ్డ పలక ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పింది. తప్పు రాస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. బిడ్డనెప్పుడూ కొట్టలేదు. నన్నే!

ఆ సత్తెమ్మకు దసరాకు ఏడాదిన్నర ముందు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. "సరే." ఆకలైతే సరే. కోపమొస్తే సరే. టీవీ బంద్ చెయ్యమనాలన్నా సరే. మాటలన్నీ లోపలే ఉన్నాయనీ, బయటికొచ్చే దారిలో ఆ ఒక్కటే మిగిలిందనీ డాక్టరు చెప్పాడు. నలభై మూడేళ్ల సంసారంలో నేనేది అన్నా ఒక్కసారి సరే అనని మనిషి! దేవుడు ఏ మాట మిగిల్చాడో చూడండి.

అప్పటినుంచి గేటు దాటడం ఆగిపోయింది. ఆటో ఎక్కించాలంటే మనిషిని మడవాలి. కారైనా అంతే. ఆమె కాలు మడతపడదు. వీల్‌చైర్ ఉన్నా, మా గల్లీ వాలులో అది చేతికి ఆగదు. అంబులెన్స్ తెస్తే ఏడుస్తుంది. పడుకోబెట్టి మోసుకుపోతుంటే పాడె మీద ఉన్నట్టు ఉంటుందేమో. అంతకు ముందు ప్రతి దసరాకూ మైదానంలోని జమ్మి చెట్టు దాకా నడిచిపోయి, తిరిగొచ్చేటప్పుడు గల్లీలో ఇంటింటికీ జమ్మి ఆకు చేతిలో పెట్టి అందరి కాళ్లూ మొక్కేది. రెండు వేల ఇరవై రెండు దసరాకు ఎవరో ఆకు తెచ్చి ఈమె చేతిలో పెట్టారు. గోడ వైపు తిరిగి పడుకుంది. పండుగ కూర తినలేదు.

"ఏమే, మళ్ల దసరకు నిన్ను జమ్మి చెట్టు కాడికి తీస్కపోత," అన్నాను. "మడవకుంట, పండవెట్టకుంట. రాణి లెక్క కూసుండవెట్టి తీస్కపోత."

"సరే," అంది.

ఆ సరేతోనే నా పిచ్చి షురూ అయింది.

కార్ఖానా ఏరియాలో ఒక టెంట్ హౌస్ వెనక పాత పికప్ బండి ఒకటి ఎనిమిదేళ్లుగా నిలబడి ఉంది. టైర్లు మట్టిలో దిగిపోయాయి. సీటు చింపితే లోపల ఎలుకల గూడు, అదీ పెళ్లి కార్డుల ముక్కలతో కట్టుకున్నది! ఇనుప సామాన్ల వాడికి పోయేదాన్ని నేను ఇంటికి లాగించుకొచ్చాను. మా బిడ్డ సుజాత బేగంపేటలో ఆఫీసుకు పోతుంది, అల్లుడితో కలిసి మా మేడ మీదే ఉంటుంది. మెట్రో దిగి వచ్చి గేటు ముందు ఆగిపోయింది.

"బాపూ, గిది బండినా, బండి శవమా?"

"చూస్తుండు."

"వీల్‌చైర్ ఎక్కే వ్యాన్లు కిరాయికి దొరుకుతయి. నేను ఫోన్ చేస్త అంటున్న కద!"

"కిరాయి బండిల పోతదా మీ అమ్మ?"

"అమ్మనడిగినవా?"

అడిగాను, సుజాత ముందే. "సరే," అంది సత్తెమ్మ. చూసినవా అన్నాను. సుజాత తల కొట్టుకుంది.

పదకొండు నెలలు పట్టింది. తుప్పు పట్టిన ఫ్లోరంతా కోసి కొత్త షీటు అతికాను. వెనక తలుపుకు వీల్‌చైర్ ఎక్కేటట్టు మడత ర్యాంపు చేశాను. టెంట్ హౌస్ ఆయన దగ్గరే చెయ్యి విరిగిన పెళ్లికొడుకు కుర్చీ ఒకటి దొరికింది. ఎర్ర మఖ్మల్, బంగారు రంగు సింహం తలలు. దాని కాళ్లు కోసి, వెనక ట్రాలీలో నాలుగు బోల్టులు వేసి, మీదినుంచి వెల్డింగ్ చేసి, పాత కారు సీటు బెల్టు బిగించాను. ముఖం వెనక్కి తిప్పి పెట్టాను. గాలి కళ్లలో కొట్టొద్దని. "అందరు ముందుకు చూస్తరు, అమ్మ ఎనక్కు చూస్తదా?" అంది సుజాత. ఆ మాటకు జవాబు తర్వాత బండే చెప్పింది.

రంగుల కార్డు తెచ్చి సత్తెమ్మ ముందు పెట్టాను. ఏడు రంగులు చూపిస్తే ఏడింటికీ సరే అంది. నాకు నచ్చిన చిలకపచ్చ వేశాను. మూడో రోజు పొద్దున చూస్తే ట్రాలీలో రెండు చెత్త కవర్లు ఉన్నాయి. ఆ రంగు చూసి మున్సిపాలిటీ చెత్త బండి అనుకున్నారట!

ఇంజన్ పని, బ్రేకుల పని ఖాదర్ భాయ్‌వి. ఆ కార్ఖానా ఏరియాలోనే మెకానిక్, ముప్పై ఏళ్ల దోస్తు. మొదటిరోజే గీత గీశాడు. "మల్లేశ్ భాయ్, ఇనుము నీది, ఇంజన్ నాది. నా దాంట్ల చెయ్యి పెట్టకు."

పండుగకు రెండు రోజుల ముందు హ్యాండ్ బ్రేక్ వైరు తెగిపోయింది. ఆ పాత మోడల్ వైరు పండుగ అయినాకే దొరుకుతుందన్నాడు.

"కాలు బ్రేకు మంచిగుంది, పరేషాన్ లేదు. దసర నాడు నాలుగింటికి నేనే వచ్చి నడుపుత. అప్పటిదాక బండి గేర్లనే ఉండాలె, ఎనక టైర్లకు రాళ్లుండాలె. నువ్వు ముట్టొద్దు. సమజైందా?"

"నాకు చెప్తున్నవా? నలభై ఏండ్లు ఇనుముతోని బతికిన."

"ఇనుము గురించి కాదు భాయ్. ఢలాన్ గురించి చెప్తున్న."

ఢలాన్ అంటే వాలు. మా ఇంటి నుంచి బస్సులు తిరిగే రోడ్డు దాకా గల్లీ కిందికి జారినట్టే ఉంటుంది. ఆ చివర్న అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు ఇసుక కుప్ప పోశారు, సగం దారి మూసేసి. బండి తిరగడానికి అడ్డమని వార్డు ఆఫీసులో మూడు అర్జీలు ఇచ్చాను. సొంతంగా రాసినవి, ఒక్క తప్పు లేకుండా. ఎవరూ కదల్లేదు. అందుకు నేను వాళ్లను తిట్టని తిట్టు లేదు.

పండుగ వచ్చింది. బండి గేటు ముందు, ముఖం ఎగువకు, వీపు రోడ్డు వైపు పెట్టుకుని తళతళలాడుతున్నది. దసరా నాడు ఇనుముకు, బండికి పూజ చెయ్యకుండా ఏ పనివాడూ ఉండడు. పూజ పొద్దున్నే చెయ్యాలి. ఖాదర్ నాలుగింటికి గానీ రాడు. ముట్టొద్దు అన్నాడు, నిజమే. పూజ చెయ్యొద్దని అనలేదు కదా!

సత్తెమ్మకు పట్టుచీర కట్టించాను.

"అమ్మను పొద్దుమీకి, నాలుగింటికి ఎక్కియ్యొచ్చు కద బాపూ," అంది సుజాత.

"బండి ఎవలిది? ఆమె లేకుంట ఏం పూజ?"

వీల్‌చైర్ ర్యాంపు మీదికి తోసి, అల్లుడూ నేనూ పట్టుకుని సత్తెమ్మను పెళ్లికొడుకు కుర్చీలో కూర్చోబెట్టాం. బెల్టు బిగించాను. అల్లుడు కొబ్బరికాయలకు పోయాడు. గల్లీ అంతా చూడ్డానికి వచ్చింది. ఎదురింటి ప్రభాకర్ సారు కూడా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన టీచరు, ఆదివారం చర్చి తప్పడు.

"ఏవండీ మల్లేశం గారూ, మా తరఫున కూడా చిన్న ప్రార్థన చేసేదా?"

"చెయ్యండి సారూ. ఎంతమంది దేవుళ్లుంటే అంత మంచిది."

ఆయన కళ్లు మూసుకుని చేశాడు కూడా. అంటే దేవుళ్ల కొరత లేదు. కొరత హ్యాండ్ బ్రేక్‌దే.

పసుపు, కుంకుమ, బంతిపూల దండ అయ్యాయి. ఇక నిమ్మకాయలు. నాలుగు టైర్ల కింద నాలుగు పెట్టాలి, బండి కదిలితే నలగాలి, దిష్టి పోవాలి. ముందు టైర్లకు పెట్టాను. వెనకకు వచ్చాను. నిమ్మకాయ పెట్టాల్సిన చోట రాయి ఉంది! రాయి మీద నిమ్మకాయ పెట్టి పూజ చేసినోణ్ని ఎక్కడన్నా చూశారా? మొదటి రాయి లాగి మోరీ కాలువ పక్కకు విసిరాను. బండి గేరులో ఉంది, కదల్లేదు.

"సరే!" అంది సత్తెమ్మ పైనుంచి, పక్కకు వంగి చూస్తూ.

"సరేనే, అయిపోతది."

రెండో రాయి కూడా తీసి, రెండు నిమ్మకాయలూ పెట్టాను.

"సరే! సరే! సరే!" ఎడమ చేత్తో సింహం తల మీద ధడాధడా కొడుతున్నది.

"చూసినవా, మీ అమ్మ ఎంత ఖుషీగున్నదో!" అన్నాను సుజాతతో.

"ఖుషీ లెక్క లేదు బాపూ. జెర ఆగు. మటన్ మాడుతున్నట్టుంది, చూసొస్త." లోపలికి ఉరికింది.

ఆగలేదు. ఎప్పుడు ఆగాను కనుక? హారతి ఇచ్చేటప్పుడు ఇంజన్ నడుస్తూ ఉండాలని నా పట్టుదల. కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు తీసి, తాళం తిప్పాను. పదకొండు నెలల కష్టం, ఒక్క తిప్పుకే స్టార్టయింది! అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పులు విడిచి, బండి ముందు నిలబడి, కర్పూరం వెలిగించాను.

టప్‌మని వెనక నిమ్మకాయ పగిలింది.

మళ్లీ చప్పట్లు. "కంగ్రాట్స్ అండీ!" అన్నాడు ప్రభాకర్ సారు.

టప్‌మని రెండోది.

హారతి తిప్పుతున్నాను. పళ్లెం నా చేతిలోనే ఉంది. దేవుడే వెనక్కి పోతున్నాడు.

ఉరికాను. డెబ్బై ఏళ్ల మనిషిని, వట్టి కాళ్లతో, చేతిలో హారతి పళ్లెం కూడా వదలకుండా! బండి అప్పటికింకా మెల్లగానే ఉంది. వెనక టైరును అందుకున్నాను. చుట్టూ చూస్తే రాయి లేదు. నేనే విసిరేశాను కదా. రాయి పెట్టాల్సిన చోట ఎడమ కాలు పెట్టాను. రాయి ఆపుతుంది, కాలు ఆపదు. ఇది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. టైరు ఎక్కి దిగింది. నేను పక్కకు పడ్డాను. ముందు టైరు నా మోకాలును రాసుకుంటూ పోయింది.

ఇక బండి జోరు అందుకుంది. చిలకపచ్చ బండి, బంతిపూల దండ, ఎర్ర మఖ్మల్ సింహాసనం, దాని మీద పట్టుచీరలో సత్తెమ్మ. బండి వెనక్కి పోతుంటే, పోయే దిక్కుకు చూస్తున్నది ఆమె ఒక్కతే. "సరే! సరే! సరే!" అని అరుపు. దసరా కదా, కింది ఇళ్లవాళ్లు అమ్మవారి ఊరేగింపు అనుకుని దండం పెట్టారట. ఒకావిడ పూలు కూడా చల్లిందట. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనబడింది రోడ్డు మీద పోతున్న బస్సు ఒక్కటే. నా చేతులతో వెల్డింగ్ చేశాను, నా చేతులతో బెల్టు బిగించాను, నా చేతులతోనే రాళ్లు తీశాను. ఆమె దూకాలన్నా దూకలేదు.

బండి పోయి ఇసుక కుప్పలో దిగబడింది. ఎవరూ తియ్యని ఆ కుప్పలో, సగందాకా.

ప్రభాకర్ సారు నన్ను లేపాడు. "మల్లేశం గారూ, మీ కాలు... కిందికి చూడకండి!"

"కాలు సంగతి తర్వాత సారూ. నడువుండ్రి."

ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయాను. సుజాత గరిటె చేత పట్టుకునే నాకంటే ముందు ఉరికి, ట్రాలీ ఎక్కి తల్లిని పట్టుకుంది. సత్తెమ్మ నెత్తి నిండా ఇసుక. ఒంటి మీద ఒక్క గీత లేదు. నా వెల్డింగ్ ఒక్కటి కూడా విడవలేదు. అది మాత్రం చెప్పుకోవాలి.

"సత్తెమ్మా, ఏమన్న అయిందా?"

ఆమె నా ముఖం చూసింది. కాలు చూసింది. మళ్లీ ముఖం చూసింది. పెదవులు వంకర పోయి, మెడ నరాలు లేచి, లోపలినుంచి ఏదో బరువు ఎత్తుతున్నట్టు కష్టపడింది.

"రాళ్లు," అంది.

ఏడాదిన్నరలో మొదటి కొత్త మాట. స్కేలు పట్టుకున్ననాటి గొంతే. సుజాత అక్కడే కూలబడి ఏడ్చింది. నేను వేళ్లు వెనక్కి తీసుకోబోయాను, అలవాటు కొద్దీ.

ఖాదర్ నాలుగింటికి సీదా దవాఖానకే వచ్చాడు. కట్టు చూశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముట్టొద్దని చెప్పిన కద భాయ్."

"ముట్టలే. పూజ చేసిన."

"నిమ్మకాయకు ఎంత దమ్ముంటదనుకున్నవ్?"

గల్లీవాళ్లు జమ్మి ఆకులు తెచ్చి ఈసారి సత్తెమ్మకూ నాకూ, ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు.

రాళ్లు అన్న ఆ మాట మళ్లీ రాలేదు. డాక్టరు చూద్దామన్నాడు. ఎన్నో రాళ్లు తెచ్చి చూపించాను. సరే అంటుంది. హ్యాండ్ బ్రేక్‌కు ఖాదర్ కొత్త వైరు వేశాడు. తాళం సుజాత బీరువాలో ఉంది. బండి గేటు ముందే ఉంది, నాలుగు టైర్లకూ ఎనిమిది రాళ్లతో. పొద్దున్నే ఎవరో ఒకరు చెత్త కవరు వేసిపోతారు. ఇసుక కుప్ప తియ్యొద్దని మంచం మీదినుంచే నాలుగో అర్జీ రాసి పంపాను. మర్నాడే తీసేశారు, మొదటి మూడు అర్జీలు చూసి.

నాకు ఎడమ కాలి బొటనవేలు, దాని పక్కవి రెండు తీసేశారు. సత్తెమ్మ ఆ దసరాకు కూడా జమ్మి చెట్టు దాకా పోలేదు.